పాట మింగిన మాట

తొలి అడుగులు క్యాసెట్‌లో భద్రంగా ఉన్నాయి. వాటిని చూసి ఇంట్లోవాళ్లు అన్న మాటలే లేవు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో, ఒక రైల్వే క్వార్టర్ వరండాలో తీసిన వీడియో కథ ఇది.

క్యాసెట్‌లో నేను నడుస్తున్నాను.

1993 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్ వరండా. కింద ఉతికిన పంచె పరిచి, దాని మీద వరసగా అరిసెలు పేర్చారు. నాకు పదమూడో నెల. ఎర్ర గౌను, వెండి గజ్జెలు, బుగ్గ మీద పావలా కాసంత దిష్టి చుక్క. ఎదురుగా నాన్నమ్మ గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాచింది. మొదటి అరిసె మీద కాలు పెట్టగానే అది పాదానికి అంటుకుంది. కాలెత్తి చూసుకుంటూ ఏడవాలా నవ్వాలా తేల్చుకోలేక నిలబడిపోయాను. అప్పుడు నాన్నమ్మ ఏదో అంది. నోరు కదలడం స్పష్టంగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఇంకో అడుగేశాను.

ఏమందో మాత్రం తెలీదు. ఆ నాలుగున్నర నిమిషాలూ సినిమా పాట మోగుతూనే ఉంటుంది.

అప్పట్లో దాన్ని 'మిక్సింగ్' అనేవారు. ఒట్టి వీడియో అయితే ఒక రేటు, మిక్సింగ్ చేయిస్తే ఇంకో రేటు. మిక్సింగ్ అంటే బిడ్డ మొహం గులాబీ రేకుల్లోంచి విచ్చుకోవాలి, పుస్తకం పేజీలా తిరగాలి, చివర్లో నాలుగు ముక్కలై నాలుగు మూలలకీ ఎగిరిపోవాలి. పైన హిట్ పాట పడాలి. పాట లేని క్యాసెట్ ఇంటికొచ్చినవాళ్లకి చూపిస్తే నామోషీ. మాది తీసిన స్టూడియో పేరు ఇప్పుడు అనవసరం. ఆ అబ్బాయి తన పని తాను శ్రద్ధగానే చేశాడు. ఓవర్‌టైం డబ్బుల్లోంచి తీసి మరీ మిక్సింగ్‌కి ఇచ్చానని మా నాన్న చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ ఊసెత్తరు.

ఆ పాట ఎలా ఎక్కిందో తెలిశాక నా కడుపుమంట రెట్టింపైంది. వీహెచ్ఎస్ టేపు వెడల్పు అరంగుళం. అందులో బొమ్మకీ మాటకీ వేరువేరు ఇళ్లు. సెకనుకి 25 చుట్లు తిరిగే డ్రమ్ము బొమ్మను టేపు మీద ఏటవాలు గీతలుగా రాస్తుంది. మాట మాత్రం టేపు పై అంచున, ఒక్క మిల్లీమీటరు పట్టీ మీద, కదలకుండా ఉండే వేరే హెడ్డు రాస్తుంది. మంచి రకం వీసీఆర్‌లకి 'ఆడియో డబ్' అని ఒక మీట ఉండేది. అది నొక్కితే బొమ్మ జోలికి పోకుండా ఆ అంచు పట్టీని మాత్రం తుడిచి, దాని మీద కొత్త చప్పుడు ఎక్కిస్తుంది. అంటే నాన్నమ్మ మాట పాట కింద ఎక్కడో మూలుగుతూ లేదు. పాటని తీసేస్తే మాట బయటికొస్తుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అలా రాదు. ఉన్న ఇంటిని పడగొట్టి అదే జాగాలో కొత్తది కట్టేశారు.

నాన్నమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆవిడ గొంతుని ఇంకెక్కడా ఎవరూ పట్టుకోలేదు.

ఒకే లైను మీది ఊళ్లు

ఆ గొంతు గురించి ఇంత బాధ ఎందుకో చెప్పాలంటే ఊరి సంగతి కొంచెం చెప్పాలి. తూర్పు తీరం రైలుమార్గంలో ఉత్తరపు ముక్క 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికొచ్చింది. దాంతో టెక్కలి, పలాస పక్కల పల్లెలూ, బెంగాల్లోని ఖరగ్‌పూర్ జంక్షనూ ఒకే కంపెనీ లైను మీదికొచ్చాయి. ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాప్ లేచింది. అక్కడ పని దొరికినవాడు తమ్ముణ్ని పిలిపించాడు, తమ్ముడు బావమరిదిని, బావమరిది ఊళ్లో సగంమందిని. అలా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలవాళ్లు ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, మథురాకాటి, నిమ్‌పురా అంతటా పరుచుకున్నారు. 1955లో రైల్వే పేరు సౌత్ ఈస్టర్న్ అయింది. మా ఇళ్లలో మాత్రం 'బీఎన్నార్' అన్న మాట ఇంకా చావలేదు. ఏటా మాతా పూజ వస్తే ఇప్పటికీ నెత్తిన ఘటాలతో, పసుపు నీళ్లతో ఆడవాళ్లు వీధుల వెంట కదులుతారు. బెంగాలీ పోలీసు పక్కకి తప్పుకుని దారిస్తాడు.

క్వార్టర్ మనది కాదు. గోడకి మేకు కొట్టాలన్నా, పెరట్లో మునగచెట్టు వేయాలన్నా ఇది రైల్వేది అన్న ఎరుక ఉంటుంది. రిటైరైన కొన్ని నెలలకి తాళంచెవి ఇచ్చేయాలి. మా నాన్న ఇచ్చేశారు. ఇప్పుడు ఆ వరండాలో ఇంకెవరి పిల్లలో నడుస్తున్నారు. నేను అడుగులేసిన ఇల్లు నాకు మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. వెనక గోడ మీద నల్లరంగుతో రాసిన యూనిట్ నంబరు, కిటికీ చువ్వకి వేలాడే నాన్న టిఫిన్ క్యారేజీ, తలుపు మీద సుద్దతో అన్నయ్య రాసిన ఎక్కం. ఎవరూ తియ్యాలని తియ్యలేదు, నా వెనక ఉన్నాయి కాబట్టి పడ్డాయి. చూసినవి సరే, మరి విన్నవో? సైరను, షంటింగ్ ఇంజను, పక్కింటి బెంగాలీ బౌదీ (వదిన), ఎదురింటి ఒడియా మావయ్య. అన్నిటికీ మించి నాన్నమ్మ యాస. మేం బడికెళ్లి బెంగాలీ, హిందీ, ఇంగ్లిషు నేర్చుకుని, తెలుగుని పత్రికల్లో చూసి దిద్దుకున్నాం. 'వచ్చీసినాడు, ఎలిపోనాడు, బేగి రా' అని నోరారా అనగలిగిన చివరి మనిషి మా ఇంట్లో ఆవిడే.

బోర్లా పడితే బొబ్బట్లు

తెలుగిళ్లలో బిడ్డ ఎదుగుదలని రాసిపెట్టుకునే పద్ధతి కెమెరా రాకముందే ఉంది. అదీ తినే పద్ధతి. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. ఊరూరికీ జాబితా మారుతుంది, మొదటి అక్షరం మాత్రం మారదు. అక్షరం కలవడమే దీని కిటుకు. రాయడం రాని ఇల్లాలికి కూడా ఏ మజిలీకి ఏ మూకుడు పొయ్యి మీద పెట్టాలో గుర్తుంటుంది.

వండింది ఇంట్లో తినేస్తే లెక్కలోకి రాదు, పంచాలి. పంచితే నలభై గడపలకి సాక్ష్యం చేరినట్టు. మా నాన్నకి చిన్నతనంలో ఒకే ఒక్క ఫొటో ఉంది. అందరి ఇళ్లలో ఉండేదే: స్టూడియో బల్ల మీద బట్టల్లేకుండా బోర్లా పడుకుని, మెడ ఎత్తి, కెమెరా పక్కన గిలక్కాయ ఊపుతున్న మనిషి కేసి బిత్తరచూపు. ఆయన తొలి అడుగులకి ఫొటో లేదు. అయినా ఆయన ఎప్పుడు నడిచారో చెప్పగలిగినవాళ్లు నా చిన్నప్పుడు ముగ్గురుండేవారు. ఆ అరిసెలు తిన్నవాళ్లు! ఒకావిడ పాకం ముదిరిపోయిందని కూడా గుర్తుపెట్టుకుంది.

రైల్వే కాలనీలో ఈ పంపకం తమాషాగా ఉండేది. ఒడియావాళ్లింటికి తీసుకెళ్తే 'అరిసా పిఠా' అని చూడగానే పేరు పెట్టేసేవారు, ఎందుకంటే వాళ్ల పండక్కీ అదే వంటకం. బెంగాలీలది పుష్యమాసమంతా పిఠేల కాలం కాబట్టి బియ్యప్పిండీ బెల్లమూ చూసి సొంతవాళ్లని చూసినట్టే మురిసేవారు. వాళ్ల పిల్లల 'ముఖేభాత్'కి మేం వెళ్లేవాళ్లం. మేనమామ తొలి ముద్ద పెడతాడు, పిల్లాడి నెత్తిన తెల్లటి బెండు టోపీ. తర్వాత పళ్లెంలో కలం, మట్టి, బంగారం పెట్టి దేన్ని పట్టుకుంటాడో చూస్తారు. మన అన్నప్రాశనలో పుస్తకం, కత్తి, నగ పెట్టి పాకించినట్టే. ఫొటోగ్రాఫర్‌కి ఆ క్షణం దొరకడం మహా కష్టం. ఓల్డ్ సెటిల్‌మెంట్ ఆల్బమ్‌లలో సగం పిల్లలు అప్పటికే పట్టుకున్నదాన్ని మళ్లీ పట్టుకున్నట్టు నటించినవాళ్లే.

ఈ మజిలీల తేదీల గురించి ఒక మాట. పక్కింటి పిల్ల పదో నెలకే నడిచిందట అని వీడియోలు చూసి బెంగపడే తల్లులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడు మరీ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ప్రచురించిన లెక్కల్లో మనదేశం పిల్లలూ ఉన్నారు, ఢిల్లీవాళ్లు. ఆసరా లేకుండా నడవడం అన్నది 8.2 నెలల నుంచి 17.6 నెలల దాకా ఎప్పుడైనా జరగొచ్చని తేలింది. అంటే దాదాపు తొమ్మిది నెలల తేడా మామూలే. ఇంకో విశేషం, నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ల మీద పాకనే పాకరు, నేరుగా లేచి నడిచేస్తారు. మన లెక్కన వాళ్లు ఊరికి పాకుండలు బాకీ!

ఆకులు కదిలాయి

బిడ్డని సినిమా తియ్యాలన్న కోరిక సినిమాతోపాటే పుట్టింది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని జనానికి చూపించిన మొదటి పది చిత్రాల్లో ఒకటి, ఓ పాపకి అమ్మానాన్నలు తిండి పెట్టడం. నాన్న అగస్ట్ లూమియేర్, పాప ఆయన కూతురు ఆండ్రే. చేతికిచ్చిన బిస్కెట్టుని పాప కెమెరా వైపు చాపుతుంది. నిమిషం కూడా లేదు. అప్పటి ప్రేక్షకులు పాపని కాదు, వెనకాల గాలికి కదులుతున్న ఆకుల్ని చూసి నోరెళ్లబెట్టారని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆండ్రే 1918 ఇన్‌ఫ్లుయెంజాలో పోయింది, పాతికేళ్లు కూడా నిండకుండా. ఆ పాప గొంతు ఎలా ఉండేదో అందులో లేదు. అది మూగ సినిమా కాలం, ఎవరినీ తప్పుపట్టలేం. మాటను పట్టగలిగే టేపు చేతిలో పెట్టుకుని మనం చేసిన పని వేరు.

బిడ్డల వీడియోలో మాట ఎంత పనికొస్తుందో శాస్త్రవేత్తలు చాలాదూరం వెళ్లి తెలుసుకున్నారు. అమెరికాలో ఎంఐటీ పరిశోధకుడు డెబ్ రాయ్ 2005లో కొడుకు పుట్టినప్పుడు ఇంటి పైకప్పులకి 11 కెమెరాలు, 14 మైకులు బిగించాడు. మూడేళ్లలో 90 వేల గంటల బొమ్మ, లక్షా 40 వేల గంటల చప్పుడు పోగుపడ్డాయి. పిల్లాడి 'గాగా' నెలల తరబడి నలిగి నలిగి 'వాటర్'గా మారడాన్ని ఆయన వరసగా వినిపించాడు. నాకు అంతకన్నా నచ్చింది మరోటి. పిల్లాడు ఒక మాట నేర్వబోయే రోజులు దగ్గరపడేకొద్దీ పెద్దవాళ్లు ఆ మాటని వాడే వాక్యాలు తమకి తెలీకుండానే పొట్టివైపోయాయి. మాట వచ్చాక మళ్లీ సాగాయి. మనకి తెలిసిందే ఇది. 'అదిగో బుజ్జీ, వేపచెట్టు మీంచి చందమామ ఎంత చక్కగా వచ్చాడో చూశావా' అన్న నాన్నమ్మే, రెండు నెలలకి 'చందమామ. అదిగో, చందమామ' అంటుంది. పిల్ల 'తందమామ' అన్న మర్నాటి నుంచి వేపచెట్టు మళ్లీ వాక్యంలోకి వచ్చి చేరుతుంది. బిడ్డ మాట నేర్చుకున్న చరిత్ర పెద్దవాళ్ల గొంతులో ఉందన్నమాట. కెమెరా ముందున్న పిల్లని మాత్రమే చూసుకుంటే సగం కథే.

నా తొలి మాట గురించి మా క్వార్టర్ల లైనులో తగువుండేది. నేను 'దా' అన్నానట. రమ్మంటోందని నాన్నమ్మ. తమ అబ్బాయిని 'దాదా' అంటోందని పక్కింటి బౌదీ, బెంగాలీలో అన్నని పిలిచేది అలాగే కదా. ఎవరికి వాళ్లు గెలిచామనుకుని పంచదార చిలకలు తిన్నారు.

ఇంకో పరిశోధన 1994 నాటిది. ఆస్టర్లింగ్, డాసన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇళ్లలో తీసుకున్న మొదటి పుట్టినరోజు క్యాసెట్లు తెప్పించుకుని చూశారు. తర్వాత ఆటిజం ఉందని తేలిన పిల్లలు 11 మంది, అలాంటిదేమీ లేని పిల్లలు 11 మంది. కేకు, టోపీలు, బుడగలు అందరికీ ఒకటే. వాళ్లు చూసింది వేరే. పిల్ల ఎదుటివాళ్ల మొహం చూస్తోందా, వేలుపెట్టి చూపిస్తోందా, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతోందా. ఏడాది వయసుకే తేడా కనిపించింది. దీన్ని పట్టుకుని ఇంట్లోనే తీర్పులు చెప్పెయ్యకండి, అనుమానం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేను అడిగేది ఒక్కటే. పిలుపు మీద పాట పడితే, పిల్ల తల తిప్పిందో లేదో ఎవరు చెబుతారు?

గడప దగ్గర కాంబ్లీ

పాటకన్నా పెద్ద గండాలూ ఉన్నాయి, కాదనను. క్యాసెట్ వీపున చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు. మా లైనులో ఒకరింట్లో అది విరవడం మర్చిపోయారు. పెద్దోడు గడప దాటే క్యాసెట్ అది. పిల్లాడు పాకుతూ పాకుతూ వచ్చి గడప మీద చెయ్యేస్తాడు, బొమ్మ ఒక్కసారి వణుకుతుంది, ఎదురుగా వినోద్ కాంబ్లీ ఏడ్చుకుంటూ మైదానంలోంచి వచ్చేస్తుంటాడు. 1996 మార్చి 13, ఈడెన్ గార్డెన్స్, శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. వాళ్ల బాబాయి ఖాళీ క్యాసెట్ అనుకుని పెట్టాడు. ఆ ఇంట్లో గారెలు వండినప్పుడల్లా ఇప్పటికీ కాంబ్లీ పేరు వస్తుంది.

బెంగాల్ తేమకి టేపు మీద తెల్లటి బూజు పడుతుంది. అలాంటిదాన్ని తిన్నగా వీసీఆర్‌లో పెడితే హెడ్డూ పాడు, టేపూ పాడు. కొత్త వీసీఆర్ దొరికే రోజులు పోయాయి. జపాన్‌లో ఆఖరిదాకా తయారుచేసిన ఫునాయ్ కంపెనీ కూడా 2016 జూలైలో ఆపేసింది. బీరువా అడుగున ఇలాంటి క్యాసెట్ ఉన్నవాళ్లు వచ్చే సంక్రాంతికి చూద్దాంలే అనుకోకండి.

ఫోనులు వచ్చాయి కదా, ఇప్పుడా బాధ లేదనుకున్నాను. మా బాబుకి పదకొండో నెల. వాడు నిలబడ్డ రోజు మా ఆయన తీసిన క్లిప్ సాయంత్రానికల్లా బంధువుల గ్రూపులన్నిటికీ చేరింది. తెరిచి చూద్దును కదా, పైన పాట! యాప్‌లో ట్రెండింగ్ పాట ఒకటి ఎంచి, 'ఒరిజినల్ ఆడియో' గీతని సున్నాకి లాగేశారు. గులాబీ రేకులు కూడా ఉన్నాయి, కాస్త మెరుగైనవి. ఆనాటి మిక్సింగ్ కుర్రాడు ఎక్కడికీ పోలేదు, ప్రతి ఇంట్లో ఒకడున్నాడు. అసలు క్లిప్ ఇంకా ఫోన్‌లో ఉండబట్టి గొడవ అంతటితో ఆగింది. దాన్ని విన్నాను. అందులోనూ పెద్దగా ఏం లేదు. 'ష్ష్, వీడియో తీస్తున్నా' అన్న మాట, తర్వాత అందరూ ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. పూర్వం వాళ్లు మాట్లాడితే మనం తుడిచేశాం. ఇప్పుడు మాట్లాడటమే మానేశాం. అప్పటి నుంచి మా ఇంట్లో వీడియో తీసేవాళ్లు నోరు మూసుకోకూడదని రూలు పెట్టాను. తేదీ పైకి చెప్పాలి, ఎవరున్నారో చెప్పాలి, పిల్లాణ్ని పిలవాలి, కుక్కర్ కూత వేస్తే వెయ్యనివ్వాలి.

ఏడు సెకన్లు

కిందటి దసరాకి పాత వీసీఆర్ ఒకటి సంపాదించి, హెడ్డు శుభ్రం చేయించి, పసుపు తెలుపు తీగలతో కంప్యూటర్‌కి తగిలించి ఆ క్యాసెట్ ఎక్కించాను. బొమ్మ కోసమే ఎక్కించాను, మాట మీద ఆశ లేదు. హెడ్‌ఫోన్స్ కూడా అలవాటుకొద్దీ పెట్టుకున్నదే.

పాట అయిపోయింది. బొమ్మ అయిపోలేదు.

స్టూడియో అబ్బాయి పాట పూర్తికాగానే మీట వదిలేసినట్టున్నాడు. అరిసెల సీను ఇంకా ఏడు సెకన్లు మిగిలుంది. ఆ ఏడు సెకన్లకీ అంచు పట్టీని ఎవరూ తుడవలేదు. ఇంట్లో అందరం వందసార్లు చూసిన క్యాసెట్టే. పాట ఆగగానే 'ఇంక హారతి సీను' అంటూ ఎవరో ఒకరు ముందుకి తిప్పేసేవాళ్లం.

మొదట బుసలాంటి చప్పుడు. దూరంగా ఇంజను కూత. గజ్జెలు. బౌదీ గొంతు, 'ఎశో, ఎశో' (రా, రా) అని. ఆ వెనకే, మైకుకి దగ్గరగా, కొంచెం బొంగురుగా:

'ఓలమ్మ, బేగి ఎత్తండర్రా గుంటని, అరిసిలు సి...'

అంతే, హారతి సీను వచ్చేసింది.

అమ్మానాన్నలకి ఫోన్‌లో పంపకుండా, వాళ్లొచ్చాక టీవీకి తగిలించి వినిపించాను. నాన్న మొదటిసారి ఏం మాట్లాడలేదు. రెండోసారి విన్నాక, 'సితికిపోతన్నాయి అంది. అరిసిలు సితికిపోతన్నాయి' అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. 'మీ అమ్మ అలా అనదు. అరిసిలు సిన్నమ్మకి ఉంచండర్రా అంటోంది. ఆవేళ మూడో క్వార్టర్ సిన్నమ్మ రాలేదు, జ్వరం. నాకు తెలుసు.' నాన్న సిన్నమ్మ ఆవేళ వచ్చిందన్నారు. కావాలంటే వీడియోలో చూడమన్నారు. వెనక్కి తిప్పి చూశాం. కిటికీ పక్కన ఎవరో ఉన్నారు గానీ మొహానికి టిఫిన్ క్యారేజీ అడ్డమొచ్చింది.

'మళ్లీ పెట్టు' అంది అమ్మ. 'ఈసారి సౌండు పెంచు.'